తాగాలనిపించిన ఆ అరగంట: మానేసినవారికి ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ ఎంత ఆసరా?

తాగుడు మానేసి నలభై రోజులైన మనిషిని సాయంత్రం ఏడు గంటలప్పుడు దగ్గర్నుంచి చూద్దాం. పని అయిపోయింది. తాళం తీసి ఇంట్లోకి వచ్చాడు. మందు గురించి ఇంకా ఏమీ అనుకోలేదు, కానీ నోట్లో నీరూరుతోంది. గొంతు బిగిసినట్టుంది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఫ్రిజ్ తలుపు తీస్తాడు, మూస్తాడు, ఎందుకు తీశాడో తనకే తెలియదు. ఆ తర్వాత మనసు మాట్లాడడం మొదలుపెడుతుంది: ‘ఇవాళ ఎంత టెన్షన్ పడ్డావు! నలభై రోజులు ఆగినవాడివి, ఒక్క పెగ్గుకు ఏమవుతుంది? రేపట్నుంచి మళ్లీ మామూలే కదా.’ నాలుక పీకుతోంది అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ సమయంలో పీకేది ఒళ్లంతా.

ఆ వేళకు కౌన్సెలర్ ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం. చేతికి అందేది ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్లో ఒక గొంతు, ఒక సాధన, తనలాంటి నలుగురు మనుషులు ఉంటే ఈ గండం గడుస్తుందా? ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ (మనసులో, ఒంట్లో జరిగేదాన్ని తీర్పు చెప్పకుండా గమనించే సాధన) కార్యక్రమాలన్నీ గడుస్తుందనే అంటున్నాయి. దానికి కొంత ఆధారం ఉంది. ప్రకటనల్లో చెప్పేంత మాత్రం లేదు. చిక్కంతా ఎక్కడుందంటే, ఆపడం, చికిత్స తీసుకోవడం, ఆపినదాన్ని నిలబెట్టుకోవడం అనే మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టి అమ్మడంలో ఉంది.

ముందు ప్రాణం సంగతి

ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మెదడు మద్యానికి తగ్గట్టు తనను తాను సర్దుకుని ఉంటుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి మద్యం బలం ఇస్తుంది, పరుగెత్తించే గ్లుటమేట్‌ను అణిచిపెడుతుంది. మెదడు ఊరుకోదు, తూకం సరిచేసుకోవడానికి అవతలి తక్కెడలో బరువు వేస్తూ పోతుంది. అలాంటి మనిషి ఒక్కసారిగా మానేస్తే ఇవతలి తక్కెడ ఖాళీ అవుతుంది, అవతలి బరువు అలాగే ఉంటుంది. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొద్దిమందిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది: లేనివి కనిపిస్తాయి, తానెక్కడున్నాడో తెలియదు, జ్వరం ఎక్కుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

దీనికి శ్వాస మీద ధ్యాస మందు కాదు. డాక్టర్ పర్యవేక్షణ, వణుకునూ ఫిట్స్‌నూ అదుపు చేసే మందులు, థయమిన్ విటమిన్ కావాలి. అందుకే ఒక కార్యక్రమం ఎలాంటిదో తెలుసుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు చేరేటప్పుడు అడిగే ప్రశ్నలు. ‘చివరిసారి ఎప్పుడు తాగారు? ఇదివరకు మానినప్పుడు వణుకు, ఫిట్స్ వచ్చాయా?’ అని అడగకుండా నేరుగా ఈమెయిల్, కార్డు నంబరు అడిగితే, వారికి తాగుడు గురించి తెలిసింది తక్కువని అర్థం.

సరే, మనిషి క్షేమంగా ఆపాడు. వణుకు తగ్గింది. నిద్ర కొంచెం కొంచెంగా వస్తోంది. మైండ్‌ఫుల్‌నెస్‌కు పని ఇక్కడ మొదలవుతుంది.

కోరికతో కుస్తీ మానడం

‘తాగకూడదు, తాగకూడదు’ అని పళ్లు బిగబట్టడం అందరూ మొదట చేసేదే. కాసేపు పనిచేస్తుంది కూడా. కానీ అణిచిపెట్టిన ఆలోచన ఊరుకోదని 1987లో డేనియల్ వెగ్నర్ బృందం చేసిన ప్రయోగం చూపించింది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్తే జనం దాని గురించే ఆలోచించారు. ఆ ఆంక్ష తీసేశాక, మొదట్నుంచీ ఆలోచించమని చెప్పినవాళ్లకంటే ఇంకా ఎక్కువగా ఆలోచించారు. ఎలుగుబంటి బదులు సీసా పెట్టుకుని చూడండి.

అణచకుండా, లొంగకుండా మూడో దారి ఉందా అని వెతికినవారిలో అలన్ మార్లాట్ ముఖ్యుడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త. మానేసినవారు మళ్లీ తాగడాన్ని ఆయన మనోబలం లేకపోవడంగా చూడలేదు. ఒక పరిస్థితి, దానికి ఎదురు నిలవగలనా అన్న అనుమానం, ఒక చిన్న జారుడు, ఆ జారుడుకు మనిషి తనలో తాను ఇచ్చుకున్న అర్థం, ఇలా గొలుసులా సాగే వ్యవహారంగా చూశాడు. ఈ గొలుసులో చివరి లంకె చాలా ప్రమాదకరమైనది. నలభై రోజులు ఆగిన మనిషి ఒక గ్లాసు తాగితే, ఆ గ్లాసు చేసే చెరుపు కంటే ‘మునిగినవాడికి చలేమిటి’ అన్న ఆలోచన చేసే చెరుపు ఎక్కువ. ఒక గ్లాసు ఒక సీసా అయ్యేది, ఒక సీసా ఒక నెల అయ్యేది అక్కడే.

కోరికను అలగా చూడమన్నదీ ఆయనే. అల లేస్తుంది, ఎత్తుకు చేరుతుంది, విరుగుతుంది. దాన్ని ఆపాలని చూసేవాడిని కొట్టి పడేస్తుంది. పలక మీద నిలబడి తేలేవాడిని ఒడ్డుకు చేరుస్తుంది. తాగుడు యావ ఎక్కినప్పుడు ‘ఇది తాగితే తప్ప పోదు, ఇలా పెరుగుతూనే ఉంటుంది’ అనిపిస్తుంది. నిజానికి మనం దానికి మేత వేయకపోతే ఒక్కో విడత చాలావరకు అరగంట లోపే మెత్తబడుతుంది. ఎప్పుడూ మొదటి అయిదు నిమిషాలకే గ్లాసు పట్టుకున్నవాడికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. అల విరగడం అతను ఎన్నడూ చూడలేదు.

ఈ ఆలోచనకు ధ్యానం తోడైంది. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఒత్తిడి తగ్గించే కార్యక్రమం ఎనిమిది వారాల అచ్చును ఇచ్చింది. అటు సియాటెల్‌లోని ఒక జైలులో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరాలు జరిగాయి. హాజరైన ఖైదీలు విడుదలయ్యాక మద్యం, మత్తుమందులు తక్కువగా వాడినట్టు సారా బోవెన్, మార్లాట్ తదితరులు 2006లో ప్రచురించారు. ఈ పాయలు కలిసి మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత రీలాప్స్ (మానాక మళ్లీ తాగుడులో పడటం) నివారణ కార్యక్రమం అయింది. పొడవు పేరు కాబట్టి దాన్ని ఎంబీఆర్‌పీ అంటారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో కాస్త గట్టివి చాలావరకు దీని పిల్లలో, దాయాదులో.

సాధన ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. కళ్లు మూసుకోమంటారు, లేదా చూపు కిందికి దించమంటారు. ఇటీవల తాగాలనిపించి, తాగకుండా తప్పుకున్న ఒక సందర్భాన్ని గుర్తు చేసుకోమంటారు. మొదటి రోజే మరీ గడ్డు సందర్భం ఎంచుకోవద్దంటారు. ‘ఆ కోరిక ఒంట్లో ఎక్కడ ఉంది?’ అని అడుగుతారు. ఛాతీలో అని ఒకరంటారు. ‘ఛాతీలో ఎలా ఉంది? బరువా, వేడా, బిగుతా? అంచులు ఉన్నాయా? కదులుతోందా?’ వినడానికి వింతగానే ఉంటుంది. కానీ ‘నాకు మందు కావాలి’ అన్న ఒకే ముద్ద ఈ ప్రశ్నలకు విడిపోతుంది: ఛాతీలో బిగుతు, నోట్లో తడి, ఇవాళ ఆఫీసులో పడ్డ మాట, రాబోయే రాత్రి అంటే భయం. బిగుతును భరించవచ్చు. భయాన్ని ఒకరితో చెప్పుకోవచ్చు. ముద్దగా ఉన్నప్పుడు మాత్రం దానికి ఒకే విరుగుడు కనిపిస్తుంది.

దీనికే రోజులో ఎక్కడైనా చేసుకోగల పొట్టి రూపం ఉంది, అయిదు మెట్లు: ఆగడం, లోపల ఏం జరుగుతోందో చూడటం, శ్వాస దగ్గరికి రావడం, చూపును ఒళ్లంతటికీ పరిసరాలకూ పెంచడం, అప్పుడు ఏం చేయాలో ఎంచుకోవడం. రెండు మూడు నిమిషాల పని. చివరి మెట్టును చాలా రికార్డింగులు మింగేస్తాయి. ప్రశాంతంగా కూర్చోవడం ఇక్కడ గమ్యం కాదు. లేచి అన్నం తినడమా, స్నేహితుడికి ఫోన్ చేయడమా, ఆ గదిలోంచి బయటికి వెళ్లడమా అన్నది తేలాలి. కోరికకూ చేతికీ మధ్య కాస్త జాగా దొరికిందంటే, దాన్ని దేనికో ఒకదానికి వాడుకోవాలి కదా.

మరో ఉపయోగం కూడా ఉంది. దిగులు పెరిగినప్పుడు తాగాలనిపించడం చాలామందిలో జంటగా నడుస్తుంది. ఎంబీఆర్‌పీ చేసినవారిలో ఈ లంకె బలహీనపడిందని విట్కీవిట్జ్, బోవెన్ 2010లో చూపారు. దిగులు వస్తుంది, కానీ వెంటనే సీసా గుర్తుకు రావడం తగ్గుతుంది.

ఆధారం ఎంత?

ఎక్కువగా చెప్పుకునేది 2014లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనం. మొదటి దశ చికిత్స ముగించుకున్న 286 మందిని మూడు దారుల్లో పంపారు: చికిత్స తర్వాత ఇచ్చే మామూలు సంరక్షణ, ధ్యానం లేని మార్లాట్ పాత పద్ధతి, ఎంబీఆర్‌పీ. ఆరు నెలలకు రెండో, మూడో దారులు రెండూ మామూలు సంరక్షణ కంటే మెరుగ్గా ఉన్నాయి. ఏడాదికి వచ్చేసరికి ఎంబీఆర్‌పీవాళ్లు మిగతా ఇద్దరికంటే తక్కువ రోజులు మత్తు వాడారు, విపరీతంగా తాగడం కూడా తగ్గింది. నిదానంగా ఒంటబట్టే విద్య అని దీన్నిబట్టి అనుకోవచ్చు. అదే అధ్యయనంలో, మొదటిసారి మళ్లీ మత్తుమందు ముట్టే రోజును ఎక్కువ వెనక్కి నెట్టింది మాత్రం పాత పద్ధతే. ఈ రెండో ముక్కను ప్రచార పేజీల్లో వెతికితే దొరకదు.

ఆ తర్వాత వచ్చిన ఫలితాలు మిశ్రమం. మద్యానికి అలవాటుపడ్డవారితోనే చేసి 2019లో ప్రచురించిన ఒక పరీక్షలో, మామూలు చికిత్సకు ఈ శిక్షణ జోడించినా 26 వారాలకు తాగుడులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2021లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ మత్తు వ్యసనాలన్నిటి మీదా కలిపి 40 అధ్యయనాలను జల్లెడ పట్టింది. ఇతర చికిత్సలతో పోలిస్తే మత్తు వాడే రోజులు కొద్దిగా తగ్గవచ్చని తేల్చి, ఆధారం బలహీనంగా ఉందని కూడా చెప్పింది. మైండ్‌ఫుల్‌నెస్ చేరినంత మాత్రాన జనం చికిత్స మధ్యలో వదిలి వెళ్లిపోవడం పెరగలేదన్నది అందులో ఊరటనిచ్చే మాట.

ఇక ఆన్‌లైన్ వారికి బాగా నచ్చే అధ్యయనం ఇంకొకటి. 2017లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఎక్కువగా తాగే 68 మందిలో కొందరికి 11 నిమిషాల మైండ్‌ఫుల్‌నెస్ ఆడియో వినిపించారు, మిగతావారికి విశ్రాంతి పద్ధతి నేర్పారు. మైండ్‌ఫుల్‌నెస్ విన్నవారు తర్వాతి వారంలో, అంతకుముందు వారంకంటే సగటున 9 యూనిట్లకు పైగా (యూనిట్ అంటే 8 గ్రాముల ఆల్కహాల్) తక్కువ తాగారు. 11 నిమిషాలకే! అయితే వారు వ్యసనంలో చిక్కుకున్నవారు కాదు, పరిమితి దాటి తాగేవారు. చూసింది ఒక్క వారం. ఈ ఫలితాన్ని పట్టుకొచ్చి ఇరవై ఏళ్లుగా తాగుతున్న మనిషికి ‘రోజుకు 11 నిమిషాలు చాలు’ అని చెప్పడం మోసం కాకపోయినా దాని పక్కింటిదే.

పైగా 2014 నాటి అధ్యయనంలో గుంపులన్నీ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చున్నవే. ఆన్‌లైన్ రూపం ఆ పేరును అప్పుగా తెచ్చుకుంటోంది.

తెర మీదికి వచ్చాక ఏం మారుతుంది?

అప్పు తెచ్చుకోవడానికి బలమైన కారణమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సుమారు 40 కోట్ల మంది మద్యపాన రుగ్మతలతో బతుకుతున్నారు, అందులో 20.9 కోట్ల మంది మద్యానికి బానిసలు. 2019లో మద్యం వల్ల పోయిన ప్రాణాలు 26 లక్షలు. ఇంతమందికి సరిపడా శిక్షణ పొందిన కౌన్సెలర్లు ఎక్కడా లేరు. ఉన్నచోట కూడా, డీఅడిక్షన్ సెంటర్ మెట్లు ఎక్కుతుంటే ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇంట్లోంచి, తలుపు వేసుకుని, కావాలంటే మారుపేరుతో చేరవచ్చన్నది చిన్న సౌకర్యం కాదు. పిల్లల్ని వదిలి రాలేని తల్లికి, షిఫ్టుల్లో పనిచేసేవారికి అదొక్కటే దారి కావచ్చు.

కానీ ‘ఆన్‌లైన్’ అన్న ఒక్క మాట కింద మూడు రకాలున్నాయి. రికార్డు చేసిన ఆడియోల యాప్ ఒకటి. వారం వారం పాఠాలు తెరుచుకుంటూ, మధ్యమధ్యలో ఒక మనిషి మెసేజ్ పెట్టి పలకరించే కోర్సు రెండోది. నిర్ణీత సమయానికి వీడియోలో కలిసే గుంపు మూడోది. ధరలో ఎలా ఉన్నా, పనిలో ఇవి ఒకటి కావు.

మొదటి రకానికి ఉన్న పెద్ద జబ్బు, జనం తెరవడం మానేస్తారు. ఇంటర్నెట్ ఆరోగ్య కార్యక్రమాల్లో జనం జారిపోవడం ఎంత మామూలంటే, 2005లో గుంథర్ ఐసెన్‌బాక్ దాన్ని ఒక సూత్రంగానే ప్రతిపాదించారు. తాగుడు విషయంలో ఇది ఇంకా పదునుగా ఉంటుంది. యాప్ ఎక్కువ అవసరమయ్యే రోజు, అంటే జారిన రోజు, దాన్ని తెరవాలంటే సిగ్గు. ‘వరుసగా 40 రోజులు!’ అని మెరిసిన అంకె సున్నా అయి కనిపిస్తుంది. మార్లాట్ భయపడిన చివరి లంకెను యాప్ డిజైనే బిగించినట్టయింది. ఈ రోజుల లెక్క మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. కొందరికి ఊతం, కాదనను. కానీ జారినప్పుడు మనిషిని వెనక్కి పిలిచే మాట ఒక్కటీ లేకుండా సున్నా చూపించే తెర, తాగినవాడిని మళ్లీ తాగమన్నట్టే.

వీడియో గుంపులో ఇబ్బందులు వేరు. ఒకరు కెమెరా ఆపేస్తారు. అతను బిడియపడుతున్నాడా, ఏడుస్తున్నాడా, గ్లాసు పట్టుకున్నాడా, నిర్వాహకుడికి తెలియదు. గదిలో అయితే వాసన తెలుస్తుంది, తెరకు ముక్కు లేదు. ఒళ్లంతా గమనించే సాధనలో పడుకోమంటే సగం మంది నిద్రపోతారు (నేను మొదటిసారి గురకే పెట్టానట). గదిలో అయితే భుజం తట్టేవారుంటారు. మధ్యలో ఫోన్ మోగుతుంది, పక్క గదిలో టీవీ, తలుపు అవతల ఎవరో పిలుస్తారు. మరో లోటు సెషన్ ముగిశాక బయటపడుతుంది. ముఖాముఖి గుంపుల్లో చెప్పులు వేసుకునేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు జరిగే మాటలకు విలువ ఎక్కువ. ‘మీరు చెప్పింది నాకూ అయింది’ అని ఒకరు అనేది అక్కడే. వీడియోలో ఎర్ర మీట నొక్కగానే గది చీకటి.

లాభం కూడా ఒకటుంది, దాన్ని తక్కువగా చెప్తారు. సాధన జరిగేది కోరిక పుట్టే చోటే. శుభ్రమైన, నిశ్శబ్దమైన హాలులో నేర్చుకున్నది ఇంటి కుర్చీలో పనికొస్తుందన్న భరోసా లేదు. రోజూ గ్లాసుతో కూర్చున్న ఆ కుర్చీలోనే, అదే ఏడు గంటలకు, అదే దీపం కింద అల లేచి విరగడం చూస్తే, ఆ కుర్చీకీ మందుకూ ఉన్న ముడి కొంచెం వదులవుతుంది. మంచి నిర్వాహకులు దీన్ని కావాలనే వాడుకుంటారు: ‘మీకు కష్టమైన వేళ ఏది?’ అని అడిగి సెషన్ ఆ వేళకే పెడతారు.

మనుషుల జాడ ఉన్న సాంకేతికత పనిచేస్తుందనడానికి మైండ్‌ఫుల్‌నెస్‌కు బయట ఒక మంచి ఉదాహరణ ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గుస్టాఫ్సన్ బృందం చేసిన ఏ-చెస్ అనే ఫోన్ వ్యవస్థను, చికిత్సా కేంద్రం నుంచి ఇంటికి వెళ్తున్న 349 మందితో పరీక్షించారు. ఇదీ 2014లోనే వచ్చింది. అందులో సాధనలే కాదు, సాటివారితో మాటలు, కౌన్సెలర్‌కు సమాచారం, ఒక ఆపద మీట ఉన్నాయి. పాత బార్ దగ్గరికి వెళ్తుంటే గుర్తుపట్టి హెచ్చరించే ఏర్పాటు కూడా ఉంది. ఫోన్ ఉన్నవారిలో నెలలో ప్రమాదకరంగా తాగిన రోజులు సగటున 1.39, లేనివారిలో 2.75. ఆపద మీట నొక్కితే అవతల మనిషి ఉండటమే ఇందులో కీలకమని నా అభిప్రాయం. అధ్యయనం ఏ ముక్క ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేదు.

ఇక గోప్యత. ‘నేను తాగుడు మానడానికి ప్రయత్నిస్తున్నాను’ అన్న ఒక్క వాక్యం ఉద్యోగాన్ని, బీమాను, పెళ్లిని కుదిపేయగలదు. 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మాన్యుమెంట్ అనే ఆన్‌లైన్ మద్యం చికిత్స సంస్థ మీద చర్య తీసుకుంది. గోప్యంగా ఉంచుతామని చెప్పి, వాడుకరుల ఆరోగ్య సమాచారాన్ని వారి అనుమతి లేకుండా ప్రకటనల కంపెనీలకు పంచిందన్నది ఆరోపణ. చేరేముందు గోప్యతా విధానంలో ‘ప్రకటనలు’, ‘భాగస్వాములు’ అన్న మాటలు వెతకండి. నీరసంగా ఉంటుంది, అయినా చదవండి.

అందరికీ పడదు

ధ్యానానికి దుష్ఫలితాలుండవన్నది ఒక నమ్మకం. 2020లో వచ్చిన ఒక సమీక్ష 83 అధ్యయనాలను చూసి, సుమారు 8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగిందని లెక్కగట్టింది. ఎక్కువగా ఆందోళన, దిగులు. పాత గాయాలను మద్యంతో కప్పుకుంటూ వచ్చిన మనిషి, మద్యం తీసేసి కళ్లు మూసుకుంటే, ఆ గాయాలే ముందుకు రావచ్చు. అలాంటప్పుడు కళ్లు తెరిచి, నడుస్తూ, కాళ్ల కింద నేలను గమనిస్తూ చేసే సాధనలు నయం. రికార్డింగ్‌కు ఇది చెప్పుకునే వీలు లేదు, దాని గొంతు ‘మెల్లగా లోపలికి వెళ్లండి’ అంటూనే ఉంటుంది. మతిభ్రమ లక్షణాలు, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉన్నవారు ఒంటరిగా యాప్‌తో మొదలుపెట్టకూడదు.

మందులను పక్కకు నెట్టే కార్యక్రమాన్ని కూడా దూరం పెట్టాలి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మాత్రలకు మద్యం విషయంలో చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. మాత్ర కోరిక పదును తగ్గిస్తుంది, సాధన మిగిలిన పదునును చూడటం నేర్పుతుంది. రెండింటికీ పోటీ లేదు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు ఆసరాగా కలుసుకునే, 1935 నుంచి నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలతో కూడా లేదు. ‘మేము చాలు, ఇంకేదీ అక్కర్లేదు’ అనే ఏ గొంతైనా, అది గురువుదైనా యాప్‌దైనా, అనుమానించదగ్గదే.

చేరాలనుకుంటే నిర్వాహకులను కొన్ని సంగతులు అడిగి తీరాలి. నడిపేవారికి వ్యసన చికిత్సలో శిక్షణ ఉందా, లేక ధ్యానంలో మాత్రమేనా? సెషన్ మధ్యలో ఎవరైనా తాగి ఉన్నారని తెలిస్తే ఏం చేస్తారు? నేను రెండు వారాలు కనపడకపోతే ఎవరైనా ఫోన్ చేస్తారా? జవాబులు తడబడితే సగం సంగతి అర్థమైపోతుంది. ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాన్ని దాదాపు ఎవరూ అడగరు. ఎనిమిది వారాల కోర్సు ఎనిమిదో వారంతో అయిపోతుంది. గుంపు విడిపోతుంది, లింకు పనిచేయదు, సర్టిఫికెట్ ఈమెయిల్‌లో వస్తుంది. కోరికకు ఆ క్యాలెండర్ తెలియదు. తొమ్మిదో వారం, అదే రోజు, సాయంత్రం ఏడు గంటలకు అక్కడ ఎవరుంటారో అడగండి.